సామూహిక తోటల్లో సాగు విద్య

ఊళ్లో ఖాళీగా పడివున్న జాగానో, పురపాలక సంఘం కేటాయించిన స్థలాన్నో కొంతమంది కలిసి బాగుచేసుకుని కూరగాయలు, పూలు, పండ్లు పండించుకుంటే దాన్ని సామూహిక తోట అంటారు. కొన్నిచోట్ల మనిషికో మడి ఉంటుంది. కొన్నిచోట్ల తోటంతా ఉమ్మడే. పనీ పంటా అందరివీ. ఇలాంటి తోటల్లో జీతానికి పనిచేసేవాళ్లు బహు తక్కువ. ఉపాధ్యాయులు, నర్సులు, ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, కాలేజీ పిల్లలు, వేరే దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు తీరిక దొరికినప్పుడల్లా వచ్చి చేసే పనే వాటికి ఆధారం. వీళ్లలో చాలామందికి మొదటి రోజు పార పట్టుకోవడం కూడా సరిగా రాదు. రెండు మూడేళ్లు గడిచేసరికి నారు పోయడం, పందిరి వేయడం, ఎరువు మాగబెట్టడం, పురుగును చూసి పేరు చెప్పడం వచ్చేస్తాయి.

పుస్తకాలు, వీడియోలు ఇందులో కొంత సాయపడతాయి. అయితే మట్టి, నీరు, ఎండ ఊరూరికీ మారిపోతాయి కాబట్టి, పక్క మడిలో పదేళ్లుగా పండిస్తున్న మనిషి మాటకున్న విలువ వేరు. ఆ మనిషి ఉన్నాడు కదా అని నిశ్చింతగా ఊరుకున్న తోట, ఆయన రావడం మానేసిన ఏడాదే చిక్కుల్లో పడుతుంది. నేర్పడాన్ని కూడా కలుపు తీయడం లాంటి పనిగానే లెక్కగట్టి, దానికో మనిషిని, వేళను, చోటును ఏర్పాటు చేసుకున్న తోటలే నిలదొక్కుకుంటాయి. అలాంటి ఏర్పాట్లు నూట యాభై ఏళ్లుగా దేశదేశాల్లో పుట్టాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి.

తొలి అడుగులు

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో 1864లో ఎర్నెస్ట్ ఇన్నొసెంజ్ హౌషిల్డ్ అనే విద్యావేత్త పిల్లల కోసం ఒక సంఘం పెట్టాడు. అంతకు మూడేళ్ల కిందట చనిపోయిన డాక్టర్ మోరిట్జ్ ష్రేబర్ పేరు దానికి పెట్టారు. పట్నపు పిల్లలకు ఆడుకునే మైదానం కావాలన్నదే అప్పటి ఆలోచన. తర్వాత హైన్రిఖ్ కార్ల్ గెసెల్ అనే ఉపాధ్యాయుడు ఆ మైదానం అంచున పిల్లలకు చిన్న చిన్న మళ్లు వేయించాడు. పిల్లల సరదా తొందరగానే తీరిపోయింది, మళ్లలో కలుపు పెరిగింది. చూడలేక తల్లిదండ్రులు చేయి వేశారు. కొద్దికాలానికి అవి పెద్దల తోటలైపోయాయి, చుట్టూ కంచెలు వచ్చాయి. ఇవాళ జర్మనీలో ఇలాంటి చిన్న తోటలు లక్షల్లో ఉన్నాయి. 1983 నాటి చట్టం ప్రకారం ఒక్కో తోట 400 చదరపు మీటర్లు మించకూడదు, అందులో కొంత భాగంలో కాయో పండో పండించి తీరాలి. ఈ తోట సంఘాల్లో సాగు సలహాదారు అనే పదవి ఒకటి ఉంటుంది. సభ్యుల్లోనే ఒకరు శిక్షణ పొంది ఆ బాధ్యత తీసుకుంటారు. చలికాలంలో ఆపిల్ కొమ్మల కత్తిరింపు ఎలా చేయాలో చెట్టు దగ్గర నిలబడి చూపించడం లాంటివి వాళ్ల పని. సంఘం నియమావళిలో అధ్యక్షుడికీ కోశాధికారికీ ఉన్నట్టే నేర్పేవాడికీ ఒక కుర్చీ వేయడం జర్మన్ల ముందుచూపు.

ఇంగ్లండులో ఈ తోటల కథ పేదరికంతో మొదలైంది. ఉమ్మడి భూములకు కంచెలు పడ్డాక నేల లేని కూలీలకు చిన్న చెక్క చూపించాల్సి వచ్చింది. 1908 చట్టం స్థానిక సంస్థలకు ఆ బాధ్యత అప్పగించింది. ఒక మడి కొలత పది రాడ్లు, అంటే మన లెక్కలో ఇంచుమించు 300 చదరపు గజాలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద వచ్చే తిండి తగ్గిపోతే, ప్రభుత్వం ‘విజయం కోసం తవ్వండి’ అని పిలుపిచ్చింది. పిలుపైతే అందరూ విన్నారు కానీ ఎలా తవ్వాలో చాలామందికి తెలియదు. అందుకే ఏ నెలలో ఏ వరసలో ఏం నాటాలో బొమ్మ గీసిన కరపత్రాలు అచ్చయ్యాయి. పార్కుల్లో నమూనా మళ్లు వేసి చూపించారు. సి.హెచ్. మిడిల్టన్ అనే తోటపని నిపుణుడు బీబీసీ రేడియోలో ఆదివారాలు చేసిన ప్రసంగాలు లక్షలాది మంది విన్నారు. ఆయన పక్కింటి పెద్దమనిషి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. శ్రోతలకు ఆయన మీద అంత నమ్మకం కుదరడానికి అదే కారణం.

అమెరికాలో 1893 ఆర్థిక సంక్షోభం తర్వాత డెట్రాయిట్ మేయర్ హేజెన్ పింగ్రీ పని పోయినవాళ్లకు ఖాళీ స్థలాల్లో బంగాళాదుంపలు వేసుకోమని నేల చూపించాడు. 1894లో తొలి ఏడాదే తొమ్మిది వందలకు పైగా కుటుంబాలు సాగుచేశాయి. వాళ్లలో వలస వచ్చిన పోలిష్, జర్మన్ కార్మికులు ఎక్కువ కావడంతో సాగు సూచనలు వాళ్ల భాషల్లోనూ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికాలో ‘విజయ వనాలు’ దాదాపు రెండు కోట్లకు చేరాయని అంచనా. యుద్ధం ముగిశాక వాటిలో చాలా భాగం మాయమయ్యాయి. అవసరం తీరగానే నేర్పేవాళ్లు లేచిపోయారు, నేర్చుకున్నవాళ్లు మరిచిపోయారు. మళ్లీ 1970ల్లో నగరవాసులు మట్టి వైపు తిరిగేసరికి దాదాపు ఓనమాల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

న్యూయార్క్‌లో ఆ ఓనమాలు దిద్దించిన మనిషి లిజ్ క్రిస్టీ. 1973లో ఆమె, ఆమె మిత్రులు ‘గ్రీన్ గెరిల్లాస్’ అనే బృందంగా ఏర్పడి బవరీ, హ్యూస్టన్ వీధుల మూలన చెత్తతో నిండిన స్థలాన్ని శుభ్రం చేశారు. మరుసటి ఏడాది నగర పాలక సంస్థ నెలకు ఒక డాలరు అద్దెకు దాన్ని ఇచ్చింది. అరవై ఎత్తు మళ్లు కట్టి కూరగాయలు వేశారు. అసలు గొప్ప పని ఆ తర్వాత జరిగింది. మిగతా పేటలవాళ్లు వచ్చి మాకూ చూపించండని అడగడంతో వాళ్లు అక్కడే తరగతులు నడిపారు, కాలిన ఇటుకల తుక్కులోనూ బతికే మొక్కలేవో తెలుసుకోవడానికి ప్రయోగాత్మక మళ్లు వేశారు. పక్కన బ్రాంక్స్, బ్రూక్లిన్ పేటల్లో గురువులు అప్పటికే ఉన్నారు. దక్షిణాది పత్తి చేల నుంచి వచ్చిన నల్లజాతి పెద్దలకు, ప్యూర్టోరికో పల్లెల్లో పెరిగినవాళ్లకు సాగు చిన్ననాటి విద్య. చేతిలో నేల లేక మరుగునపడ్డ ఆ విద్యకు ఖాళీ స్థలాలు చోటిచ్చాయి. 1978లో నగరం ‘గ్రీన్ థంబ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇవాళ దాని కింద 550కి పైగా తోటలున్నాయి.

శిక్షణ తీసుకో, సేవ చెయ్యి

ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా పాకిన ఏర్పాటు ‘మాస్టర్ గార్డెనర్’ పథకం. ఇది పుట్టింది వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్, టకోమా ప్రాంతాల్లో. అక్కడి విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం అసలు పని రైతులకు సలహాలివ్వడం. 1970ల మొదట్లో పట్నం పెరిగి, ఇంటి తోటలు పెరిగి, ఆకు ఎందుకు పండుతోంది, కాయ ఎందుకు కుళ్లుతోంది అని అడిగే ఫోన్లతో ఉద్యోగులకు ఊపిరాడలేదు. డేవిడ్ గిబ్బీ అనే విస్తరణాధికారికి ఒక ఆలోచన వచ్చింది: తోటపని అంటే ఇష్టమున్నవాళ్లకు ఉచితంగా గట్టి శిక్షణ ఇద్దాం, బదులుగా వాళ్లు ఇన్ని గంటలు జనానికి సలహాలివ్వాలి. పైవాళ్లకు మొదట నమ్మకం కలగలేదు. 1972లో టకోమా మాల్‌లో ప్రయోగాత్మకంగా ఒక మొక్కల క్లినిక్ పెడితే జనం విరగబడ్డారు. 1973లో తొలి విడత శిక్షణ మొదలైంది. ఇప్పుడు అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ, కెనడాలోనూ ఈ పథకం నడుస్తోంది.

మొక్కల క్లినిక్ అంటే పెద్ద హంగేమీ ఉండదు. సంతలోనో గ్రంథాలయం ముందో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక భూతద్దం, కొన్ని పుస్తకాలు. ఒకాయన ప్లాస్టిక్ సంచిలో టమాటా తెస్తాడు; కాయ అడుగున నల్లగా, చదునుగా, తోలు లాంటి మచ్చ. ఏ మందు కొట్టాలని అడుగుతాడు. బల్ల వెనక కూర్చున్న వాలంటీరు మందు పేరు చెప్పదు, తిరిగి ప్రశ్నలు వేస్తుంది. మొక్క నేలలో ఉందా, కుండీలోనా? నీళ్లు రోజూ పెడుతున్నారా, గుర్తొచ్చినప్పుడా? మచ్చ మొదటి కాయలకేనా, అన్నిటికీనా? నాలుగు జవాబులయ్యేసరికి సంగతి తేలుతుంది. అది తెగులు కాదు. నీరు ఒకరోజు ఎక్కువై, నాలుగు రోజులు అందక, కాయకు కాల్షియం సరిగా చేరకపోవడం వల్ల వచ్చిన లోపం. నీళ్లు క్రమంగా పెట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. పక్కనే కూర్చున్న కొత్త వాలంటీరు ఆ ప్రశ్నల వరసను గమనిస్తూ ఉంటుంది. ఆమెకు ఆ రోజు అందిన పాఠం టమాటా గురించి మాత్రమే అనుకోకూడదు. రోగం పేరు చెప్పే ముందు ఏమేం అడగాలో ఆమె నేర్చుకుంది.

ఈ పద్ధతిలోంచే మరో పథకం వచ్చింది. 1985లో సియాటిల్‌లో ‘మాస్టర్ కంపోస్టర్’ శిక్షణ మొదలై, వంటింటి చెత్తను ఎరువు చేయడం నేర్పే వాలంటీర్లు తయారయ్యారు. సియాటిల్ నగరంలోనే ‘పీ-ప్యాచ్’ అనే సామూహిక తోటల వ్యవస్థ 1973 నుంచి ఉంది. అక్కడ మడి తీసుకున్న కుటుంబం సొంత మడిని చూసుకుంటే సరిపోదు, ఏటా కొన్ని గంటలు ఉమ్మడి పనికి ఇవ్వాలి. కంచె బాగుచేయడం, దారులు శుభ్రం చేయడం, అన్నదాన కేంద్రాలకు పంపే మళ్లలో కోత కోయడం అన్నీ ఆ గంటల్లోకే వస్తాయి. కొత్తవాళ్లకు పాతవాళ్లు చిక్కేది ఆ పనుల్లోనే.

చూసి, చేసి, సరిదిద్దుకుని

నేర్చుకోవడం ఇలా పని మధ్యలో జరగడం మీద పండితులు కూడా దృష్టి పెట్టారు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో రాసిన పుస్తకంలో లైబీరియా దర్జీలు, మెక్సికోలోని యుకటాన్ మంత్రసానులు పని ఎలా నేర్చుకుంటారో వివరించారు. కొత్తవాడు ముందు అంచున ఉండి చిన్న పనులు చేస్తాడు. గుండీలు కుట్టడంతో మొదలై క్రమంగా బట్ట కత్తిరించేదాకా వస్తాడు. తోటలోనూ అంతే. మొదట నీళ్లు మోయడం, తర్వాత కలుపు, ఆ తర్వాత నాట్లు, చివరికి ఏ మడిలో ఏం వేయాలో నిర్ణయించడం. స్టాక్‌హోమ్ నగరపు తోటల మీద స్టెఫాన్ బార్తెల్, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన మరో మాట చెప్పింది. సాగు జ్ఞానం ఒక్కరి బుర్రలో ఉండదు. పక్కవాణ్ని చూసి చేయడంలో, నోటిమాటలో, ఏటేటా కలిసి చేసే పనుల్లో, పనిముట్లలో, చెట్లలో పంచుకుని ఉంటుంది.

కంపోస్టు కుప్ప దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. తేమ ఎంతుండాలి అంటే పుస్తకం శాతాల్లో చెబుతుంది. తోటలో పెద్దావిడ పిడికెడు ఎరువు తీసి గట్టిగా పిండి చూపిస్తుంది. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉన్నట్టు. నీరు కారితే ఎండుటాకులు కలపాలి. చేయి తెరవగానే ముద్ద పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. ఆ తర్వాత కొత్తవాళ్ల చేతిలో కూడా ఒక పిడికెడు పెట్టి పిండమంటుంది. ఒక్కసారి చేత్తో పట్టి చూసినవాళ్లకు ఆ లెక్క ఇక మరుపు రాదు.

వ్యవసాయ విస్తరణలో ఈ సూత్రాన్ని పెద్దయెత్తున అమలు చేసింది పొలంబడి. వరిలో సుడిదోమ మీద విచ్చలవిడిగా మందులు కొట్టి, దోమను తినే సాలీళ్లను కూడా చంపుకుని నష్టపోయిన ఇండోనేషియాలో 1989లో ఇది మొదలైంది. వారానికోసారి రైతులు గుంపులుగా పొలంలోకి దిగి, దుబ్బులో కనిపించిన పురుగులన్నిటినీ లెక్కపెట్టి, కాగితం మీద బొమ్మ గీసి, వాటిలో ఏది మిత్రపురుగో ఏది శత్రుపురుగో వాదించుకుని నిర్ణయానికి వచ్చేవారు. తర్వాత అది చాలా దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ వ్యవసాయ శాఖ పొలంబడులు నడిపింది. నగరాల్లోని సామూహిక తోటలకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ మందు డబ్బా అమ్మేవాడి కంటే ముందు పురుగును గుర్తుపట్టగల మనిషి కావాలి.

బీన్స్ చెప్పిన నిజం

2008 వేసవిలో బ్రిటన్ తోటల్లో ఒక వింత కనిపించింది. టమాటా ఆకులు మెలికలు తిరిగి, చివుళ్లు పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోయాయి. బంగాళాదుంప, చిక్కుడు, బఠాణీ కూడా అలాగే. మొదట ఎవరికి వాళ్లు తమ తప్పే అనుకున్నారు, వైరస్ అనుకున్నారు. పక్క మళ్లవాళ్లతో పోల్చుకుని చూశాక ఒక పోలిక బయటపడింది: దెబ్బతిన్న మళ్లన్నిటిలోనూ ఆ ఏడాది పశువుల ఎరువు వేశారు. అసలు కారణం గడ్డి బీళ్లలో కలుపు చావడానికి కొట్టే అమినోపైరాలిడ్ అనే మందు. అది గడ్డికి హాని చేయదు. గడ్డి తిన్న పశువు కడుపులోంచి చెక్కుచెదరకుండా పేడలోకి వస్తుంది, పెంటకుప్పలో చాలాకాలం నిలిచి, వెడల్పాకుల కూరగాయలను దెబ్బతీస్తుంది. ఆ మందు అమ్మకాన్ని అదే ఏడాది కొంతకాలం నిలిపివేశారు.

ఆ దెబ్బతో తోటల్లో ఒక పరీక్ష వాడుకలోకి వచ్చింది. కొత్త ఎరువు రాగానే రెండు కుండీలు తీసుకుంటారు. ఒకదాంట్లో మామూలు మట్టి, రెండోదాంట్లో మట్టిలో ఆ ఎరువు కలుపుతారు. రెండింట్లోనూ నాలుగేసి బీన్స్ గింజలు పెడతారు. మూడు నాలుగు వారాల తర్వాత రెండు కుండీల ఆకులూ పోల్చి చూస్తారు. ఎరువు కుండీలో ఆకు దోసిలిలా ముడుచుకుంటే ఆ లోడు వెనక్కి పోవాల్సిందే. ఖర్చు లేదు, ప్రయోగశాల అక్కర్లేదు, పదేళ్ల పిల్లవాడైనా చేయగలడు. వాలంటీర్లు ఒకరికొకరు చెప్పుకున్న వాటిలో ఇంత ఉపయోగపడ్డవి కొన్నే.

కొన్నిటికి మాత్రం ప్రయోగశాల కావాలి. పాత నగరాల మట్టిలో ఒకప్పటి రంగుల నుంచి, పెట్రోలు పొగ నుంచి చేరిన సీసం ఉంటుంది. దాన్ని కన్ను పట్టలేదు, ముక్కు పట్టలేదు. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో నివాస ప్రాంతాల మట్టిలో సీసం హెచ్చరిక స్థాయిని 400 పీపీఎం (పది లక్షల పాళ్లలో 400) నుంచి 200కి తగ్గించింది. అక్కడి తోటల్లో కొత్తవాళ్లకు చెప్పే తొలి మాటల్లో మట్టి పరీక్ష చేయించుకొమ్మన్నది ఒకటి. సీసం ఎక్కువుంటే బయటి నుంచి తెచ్చిన మంచి మట్టితో ఎత్తు మళ్లు కట్టుకోవాలి.

విత్తనం చేతులు మారడం

విత్తనం పంచుకుంటే దాంతోపాటు విద్య కూడా పంచుకోక తప్పదు. టమాటా, చిక్కుడు తమలో తామే పరాగసంపర్కం జరుపుకుంటాయి కాబట్టి గింజ దాచడం తేలిక. గుమ్మడి జాతి అలా కాదు. పక్క మడిలో వేరే రకం ఉంటే కలిసిపోతుంది, మరుసటి ఏడాది ఏం కాస్తుందో చెప్పలేరు. ఈ తేడా తెలియని తోటలో విత్తనాల పెట్టె నాలుగేళ్లకే గందరగోళమవుతుంది. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ గ్రంథాలయంలో 2010లో మొదలైన విత్తన భాండాగారం అందుకే రకాలను కష్టాన్ని బట్టి విడదీసి, తేలికైనవాటితో మొదలుపెట్టమని కొత్తవాళ్లకు చెబుతుంది. పుస్తకం అరువు తీసుకున్నట్టు గింజలు తీసుకెళ్లి, పండించి, కొన్ని తిరిగి ఇవ్వాలి. 2014లో పెన్సిల్వేనియాలో ఒక గ్రంథాలయం ఇలాగే చేయబోతే విత్తన చట్టం అడ్డొచ్చింది. అమ్మకం లేని ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ చట్టం వర్తించదని రెండేళ్ల తర్వాత తేలింది.

ఈ విద్యలో తెలుగు నేల నుంచి ప్రపంచానికి చెప్పదగ్గ ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతంలో ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత సన్నకారు రైతులు. జొన్న, కొర్ర, సామ, పప్పుదినుసుల విత్తనాలను వాళ్లు బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన గుమ్ముల్లో దాచి, అవసరమైనవాళ్లకు ఇచ్చి, పంట వచ్చాక ఎక్కువ కొలతతో తిరిగి తీసుకుంటారు. ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. 2008లో మాచునూరులో మొదలైన సంఘం రేడియోలో ఈ ఆడవాళ్లే తమ మాటలో సాగు కబుర్లు చెబుతారు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇది పొలాల సంగతి. అయినా నగర తోటల విత్తన పెట్టెలు నేర్చుకోవలసింది ఇక్కడే ఎక్కువ.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు సామూహిక తోటల్లో గోంగూర, సొర, బీర వేస్తే రెండువైపులా చదువు మొదలవుతుంది. చలి రాష్ట్రాల్లో మంచు కురవడం ఆగేసరికి మే వస్తుంది; సొరపాదుకు అంతకాలం ఆగితే కాయ చేతికి రాదు. గింజను నానబెట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఇంట్లో మొలకెత్తించి, వారం పది రోజులు మొక్కను కాసేపు బయట కాసేపు లోపల ఉంచి చలికి అలవాటు చేసి నాటాలని అక్కడి తోటవాళ్లు చెబుతారు. మన ఊరి పెద్దలకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. సొరపూలకు చేత్తో పరాగం అంటించడం మాత్రం మనవాళ్లు చూపిస్తారు. సొరపువ్వు సాయంకాలం విచ్చుకుంటుంది కాబట్టి పగటి తేనెటీగలు దానికి పెద్దగా పనికిరావు. పొడుగాటి కాడ మీద ఉన్నది మగపువ్వు, కింద వేలెడు పిందె ఉన్నది ఆడపువ్వు. చీకటి పడేవేళ మగపువ్వు కోసి, రేకులు తుంచి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాస్తే పిందె నిలుస్తుంది. లేకపోతే నాలుగు రోజుల్లో పసుపెక్కి రాలిపోతుంది.

పంచుకోవడం తప్పయ్యే సందర్భం కూడా ఒకటుంది. కరివేపాకు మొక్క మీద బతికే ఒక చిన్న సిల్లిడ్ పురుగు నిమ్మ జాతి చెట్లను చంపే తెగులును మోసుకెళ్తుంది. అందుకే కాలిఫోర్నియా క్వారంటైన్ ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కలు బయటికి తీసుకెళ్లడం నిషేధం. పిలక పెకలించి స్నేహితులకు ఇచ్చే అలవాటున్న మనవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి.

మరికొన్ని దేశాలు

సోవియట్ యూనియన్ కూలాక పెట్రోలు, ఎరువులు, తిండి ఒక్కసారిగా తగ్గిపోయిన క్యూబాలో హవానా ప్రజలు ఖాళీ స్థలాలన్నీ తవ్వారు. 1990ల చివరికి ఆ నగరంలో ఎనిమిది వేలకు పైగా తోటలు లెక్కకు వచ్చాయి. ప్రభుత్వం పట్టణ వ్యవసాయ విభాగం పెట్టి, పేటల్లో విత్తనాలు అమ్ముతూ సలహాలిచ్చే దుకాణాలు తెరిచింది. సింగపూర్‌లో జాతీయ ఉద్యానవనాల సంస్థ 2005లో ‘కమ్యూనిటీ ఇన్ బ్లూమ్’ మొదలుపెట్టింది. అనుభవజ్ఞులైన తోటమాలులను రాయబారులుగా గుర్తించి, కొత్త తోటలకు తోడు నిలవమంటుంది. ఇంగ్లండులోని టాడ్‌మోర్డెన్ పట్టణంలో 2008 నుంచి పోలీస్ స్టేషన్ ముందూ ఆరోగ్య కేంద్రం పక్కనా కూరగాయలు, ఆకుకూరలు పెంచుతున్నారు, ఎవరైనా కోసుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2006లో మొదలైన ‘పర్మాబ్లిట్జ్’ మన పల్లెల్లో బదులు పని లాంటిది. అందరూ కలిసి ఒక రోజు ఒకరి పెరటిని తోటగా మారుస్తారు, మధ్యలో పాఠాలు నడుస్తాయి. ముందు ఇతరుల ఇళ్లకు వెళ్లి పనిచేసినవాళ్లకే తమ ఇంటి వంతు వస్తుంది.

అడ్డంకులు

పెద్దల మాటల్లో పొరపాట్లూ ఉంటాయి. టమాటా అడుగు నల్లబడితే ఎప్సమ్ ఉప్పు వేయమనే సలహా తోటల్లో తరచు వినిపిస్తుంది. అందులో ఉండే మెగ్నీషియం కాల్షియంతో పోటీపడి రోగాన్ని పెంచే ప్రమాదం ఉంది. శిక్షణ పొందిన వాలంటీరు, అనుభవమున్న పెద్దమనిషి ఒకే తోటలో ఉంటే ఇద్దరూ వాదించుకోవడం మంచిదే. ఒక్క కుండీతో తేల్చుకోగల వాదాలే అవి.

అంతకంటే పెద్ద అడ్డంకి నేల మీద హక్కు. 1999లో న్యూయార్క్ నగరం 114 తోటలను వేలం వేయాలనుకుంది. రెండు స్వచ్ఛంద సంస్థలు డబ్బు పోగుచేసి కొనడంతో అవి నిలిచాయి. ఏడాది గడువుతో ఇచ్చిన జాగాలో ఎవరూ జామ మొక్క నాటరు. మూడేళ్లకు కాచే చెట్టు లేనిచోట కత్తిరింపు, అంటుకట్టడం నేర్పేందుకు వస్తువే ఉండదు. మట్టి బాగుపడడానికి కూడా మూడు నాలుగేళ్లు కావాలి. గడువు తక్కువైనప్పుడు విద్య ఆకుకూరల దగ్గరే ఆగిపోతుంది.

తెలుగు నగరాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నగరాల్లో ఈ ఉత్సాహం ఎక్కువగా ఇళ్ల పైకప్పుల మీద కనిపిస్తుంది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటిమీద పెంచిన తోట, ఆయన రాసిన ‘మిద్దెతోట’ పుస్తకం ఎందరినో మెట్లెక్కించాయి. సాక్షి దినపత్రికలో ‘ఇంటిపంట’ శీర్షిక పాఠకులను సాగుదారులను చేసింది. గుంటూరు జిల్లా కొర్నెపాడులో రైతునేస్తం ఫౌండేషన్, హైదరాబాద్‌లో ఉద్యాన శాఖ శిక్షణ తరగతులు నడిపాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం, సాగులో ఆరితేరిన రైతులనే తోటి రైతులకు గురువులను చేసింది. మహిళా సంఘాలు దానికి వెన్నెముక. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది.

మిద్దెతోటల మిత్రులు విత్తనాలు పంచుకుంటారు, పిండినల్లికి వేపనూనె ఎంత కలపాలో, ఎండాకాలం షేడ్ నెట్ ఎప్పుడు కట్టాలో అడిగినవాళ్లకు ఓపిగ్గా చెబుతారు. వాళ్ల ఔదార్యానికి కొదవ లేదు. లోటల్లా కలిసి పనిచేసే చోటు. ఎవరి మిద్దె మీద వాళ్లుంటే పిడికెడు ఎరువు పిండి చూపించేదెవరు, సాయంత్రం సొరపువ్వు దగ్గర నిలబడేదెవరు? ఫోనులో ఫొటో చూసి చెప్పగలిగేది కొంతే.

కాలనీ సంక్షేమ సంఘాలు పార్కులో ఒక మూల పాతిక గజాలు ఇందుకు విడిచిపెట్టాలి. అక్కడ ఒక కంపోస్టు గుంత, రెండు ఎత్తు మళ్లు, ఒక పందిరి చాలు. ఆదివారం ఉదయం రెండు గంటలు, అనుభవమున్న ఒకరిద్దరు పేర్లు నోటీసు బోర్డు మీద రాసిపెట్టాలి. పురపాలక సంఘాలు ఆ జాగాను కనీసం ఐదేళ్లకు రాసిచ్చి, ఒక నీటి కుళాయి వేయించాలి. తొలకరికి నెల ముందు పని మొదలుపెడితే వానాకాలం పంటకు మళ్లు సిద్ధమవుతాయి.